సెరీన్ 15 బ్యాండ్ వస్తే పీ53 పని చేసినట్టేనా? ఫాస్ఫో యాంటీబాడీ కొనాలా, పీ21 చాలా?

బయోకెం_హన్మకొండ:
అందరికీ నమస్కారం. వరంగల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏటూరునాగారం వైపు అడవిలో దొరికే ఒక చెట్టు బెరడు సారం మీద నా పని. దాన్ని ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలకు 48 గంటలు ఇస్తే సగానికి పైగా చనిపోతున్నాయి. కణితులు రాకుండా కాపాడే ప్రోటీన్ పీ53 మొత్తం కూడా వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి, యాంటీబాడీతో బ్యాండ్‌గా చూసే పద్ధతి) పెరుగుతోంది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

మా గైడ్ మేడమ్ ఇప్పుడు సెరీన్ 15 ఫాస్ఫో యాంటీబాడీ తెప్పిద్దాం అంటున్నారు. పీ53లో 15వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఫాస్ఫేట్ చేరితేనే పట్టుకునే యాంటీబాడీ అది. ఆ బ్యాండ్ వస్తే "సారం వల్ల పీ53 యాక్టివేట్ అవుతోంది" అని చాప్టర్‌లో ధైర్యంగా రాయొచ్చని మేడమ్ అభిప్రాయం. ల్యాబ్‌లో సీనియర్ అన్న ఒప్పుకోవట్లేదు. పీ53 నిజంగా పని చేస్తే కణ విభజనను ఆపే పీ21 జన్యువు ఆన్ అవుతుంది కదా, ఆ డబ్బు దానికి పెట్టు అంటాడు. ఒక్క చిన్న వయల్‌కి జేఆర్‌ఎఫ్ నెల ఫెలోషిప్ 37,000 దాదాపు మొత్తం పోతుంది. ఈ గ్రాంటులో ఒకటే కొనగలం. మీరైతే ఏది కొంటారు?

కాజీపేట_పోస్ట్‌డాక్:
ఫాస్ఫోనే కొనమ్మా. సెరీన్ 15కి ఫాస్ఫేట్ తగిలించేది ఏటీఎమ్ అనే కైనేజ్ (ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అని 1998లో తేలింది. అప్పటి నుంచి డీఎన్‌ఏ దెబ్బ తింటే పీ53 మేలుకుందని చూపించడానికి అందరూ వాడే గుర్తు ఇదే. మొత్తం పీ53 పెరిగిందని చూపిస్తే ఎవరూ తృప్తి పడరు. మా పేపర్ ఒకటి ఈ ఒక్క బ్లాట్ లేదనే ఒక పత్రిక నుంచి తిరిగొచ్చింది. థీసిస్ పూర్తి కావాలా, వాదనలు గెలవాలా అన్నది కూడా చూసుకోవాలి.

సుబేదారి_సెల్‌బయాలజీ:
అన్నా, రివ్యూయర్ అడుగుతాడని కొనడం ఒకటి, ఆ బ్యాండ్ చూసి "యాక్టివేట్ అయింది" అని రాయడం ఇంకొకటి. మొదటి దానికి నాకు అభ్యంతరం లేదు. రెండో దాని మీదే నా గొడవంతా. తమాయించుకుని రాద్దామనుకున్నా, కానీ మన ప్రాంతపు యూనివర్సిటీల నుంచి వస్తున్న మొక్కల సారాల థీసిస్‌లలో ఇదే వాక్యం మళ్లీ మళ్లీ చూస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

సెరీన్ 15 బ్యాండ్ చెప్పేది ఇంతే. ఏటీఎమో, ఏటీఆరో, అలాంటి ఇంకో కైనేజో పీ53 దాకా వచ్చి ఒక ఫాస్ఫేట్ తగిలించి వెళ్లింది. ఆ తర్వాత పీ53 వెళ్లి డీఎన్‌ఏని పట్టుకుందా, జన్యువులను ఆన్ చేసిందా అన్నది ఆ బ్యాండ్‌లో ఎక్కడా ఉండదు. నమ్మకపోతే ఎండీఏ-ఎంబీ-231 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు తీసుకోండి. వాటి పీ53లో 280వ స్థానంలో ఆర్జినైన్ పోయి లైసీన్ ఉంటుంది, సరిగ్గా డీఎన్‌ఏని తాకే చోట. పాపం ఆ పీ53 చేయాల్సిన పని చేయలేదు. అయినా డీఎన్‌ఏని దెబ్బతీసే క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్ ఇస్తే సెరీన్ 15 బ్యాండ్ వస్తుంది. కైనేజ్‌కి పీ53 మంచిదా, చెడిపోయిందా అన్న పట్టింపు లేదు.

ఇటు నుంచి కూడా చూడండి. 2004లో నట్లిన్-3 అనే మందు వచ్చింది. పీ53ని పట్టుకుని నాశనానికి పంపే ఎండీఎం2 ఉంది కదా, ఆ రెండిటి మధ్య దూరి విడదీస్తుంది. డీఎన్‌ఏకి దెబ్బ తగలదు, సెరీన్ 15 మీద ఫాస్ఫేట్ చేరదు. కానీ పీ53 పేరుకుంటుంది, పీ21 లేస్తుంది, కణాలు ఆగిపోతాయి, కొన్ని రకాల కణాలు చనిపోతాయి కూడా. అంటే బ్యాండ్ ఉండి పని జరగకపోవచ్చు, బ్యాండ్ లేకుండా పని జరగొచ్చు.

ఎలుకల్లోనూ చూశారు. మనిషిలో 15వ సెరీన్ అంటే ఎలుకలో 18వది. దాని స్థానంలో అలనైన్ పెట్టి, ఫాస్ఫేట్ చేరే వీలే లేకుండా చేసిన ఎలుకల్లో కొన్ని కణాల చావు తగ్గింది నిజమే. కానీ 1992లో వర్ణించిన పీ53 బొత్తిగా లేని ఎలుకల్లో చాలా వాటికి ఆరు నెలల లోపే కణితులు వచ్చినట్టు వీటికి రాలేదు. సెరీన్ 15 ముఖ్యమైనదే, కానీ స్విచ్ మొత్తం దాని చేతిలో లేదు. 393 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో ఫాస్ఫేట్ చేరే చోట్లు చాలా ఉన్నాయి. పెప్టైడ్‌లతో కొలిచినప్పుడు ఎండీఎం2 పట్టు బాగా వదులయ్యేది థ్రియోనైన్ 18 మీద ఫాస్ఫేట్ చేరినప్పుడు.

ఇక మీ 48 గంటల సంగతి. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. గామా కిరణాలు పడితే సెరీన్ 15 మీద గంటలోపే ఫాస్ఫేట్ కనబడుతుంది. 48 గంటలకు మీ కణాలు సగం చనిపోయాయి. చస్తున్న కణంలో డీఎన్‌ఏ ఎలాగూ తెగుతుంది, తెగితే కైనేజ్‌లు లేస్తాయి, సెరీన్ 15 బ్యాండ్ వస్తుంది. అప్పుడు ఆ బ్యాండ్ చావుకు కారణమా, చావు వల్ల వచ్చిందా? 48 గంటల బ్లాట్ చూసి ఎవరూ చెప్పలేరు.

పైగా మీది బెరడు సారం, పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి. వీటిలో చాలా రకాలు కల్చర్ మీడియంలో పోయగానే వాటంతట అవే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. ఆ పెరాక్సైడే డీఎన్‌ఏని కొడుతుంది, ఏటీఎమ్ లేస్తుంది. మీరు చూసేది మొక్క గుణం కాకుండా డిష్‌లో జరిగిన రసాయన చర్య కావచ్చు. ఒక వెల్‌లో పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే కేటలేజ్ ఎంజైమ్ కలిపి చూడండి. బ్యాండ్ మాయమైతే విషయం తేలిపోతుంది. యాంటీబాడీ ధర ముందు దీని ఖర్చు లెక్కలోకి రాదు.

కాజీపేట_పోస్ట్‌డాక్:
సార్, కేటలేజ్ మాట బాగుంది, నేనూ చేయిస్తాను. కానీ పీ21 ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను. పీ21 పీ53 సొత్తు కాదు. బ్యూటిరేట్ లాంటి హెచ్‌డాక్ నిరోధకాలు (డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లను మార్చే ఎంజైమ్‌లను ఆపేవి) పీ53 లేని కణాల్లో కూడా పీ21ని లేపుతాయి, టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ కూడా లేపుతుంది. బెరడు సారంలో ఏముందో ఇంకా పూర్తిగా తెలియని స్థితిలో పీ21 పెరిగింది కాబట్టి పీ53 పని చేసిందనడం కూడా అంతే తొందరపాటు. ఇంకో మాట, మీరే చెప్పిన నట్లిన్ ఉదాహరణ తీసుకుందాం. సారం డీఎన్‌ఏని కొట్టి పీ53ని పెంచుతోందా, కొట్టకుండానే పెంచుతోందా అన్నది పీ21 చెప్పదు. దానికి ఫాస్ఫో యాంటీబాడీ కావాల్సిందే.

సుబేదారి_సెల్‌బయాలజీ:
ఇక్కడ మాత్రం మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. ఈ యాంటీబాడీకి అసలైన వాడుక అదే. మొత్తం పీ53 పెరిగి, సెరీన్ 15 బ్యాండ్ రాకపోతే, పక్కనే డాక్సోరూబిసిన్ లేన్‌లో మాత్రం చక్కగా వస్తే, నా దృష్టిలో ఆ అమ్మాయి చేతిలో ఉన్నది బ్యాండ్ వచ్చినదానికంటే విలువైన ఫలితం. డీఎన్‌ఏని పాడు చేయకుండా పీ53ని నిలబెట్టే పదార్థం దొరకడం చిన్న విషయం కాదు. బాధేమిటంటే, చాలాచోట్ల బ్యాండ్ రాకపోతే "యాంటీబాడీ పని చేయలేదు" అని పక్కన పెట్టేస్తున్నారు. పాజిటివ్ కంట్రోల్ లేన్ (బ్యాండ్ తప్పక రావాల్సిన లేన్) లేకపోతే అంతకంటే ఏమీ చెప్పలేం కూడా.

పీ21 మీద మీ అభ్యంతరానికి విరుగుడు ఉంది. పీ53 లేని కణాలు పక్కన పెట్టాలి. హెచ్1299 అనే అలాంటి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ఎన్‌సీసీఎస్‌లో అడిగి చూడొచ్చు, హైదరాబాద్‌లో తెలిసిన ల్యాబ్ ఉంటే ఇంకా తేలిక. వాటిలో పీ21 లేవకుండా ఎంసీఎఫ్-7లో లేస్తే మాట నిలబడుతుంది. అవే కణాలు ఫాస్ఫో యాంటీబాడీకి కూడా పరీక్ష. పీ53 లేని లైసేట్‌లో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) 53 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ వచ్చిందంటే ఆ యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోంది.

కరీంనగర్_పాథాలజీ:
చర్చ చదువుతున్నాను. మా దగ్గర నోటి క్యాన్సర్ పేరాఫిన్ బ్లాకులు బోలెడు ఉన్నాయి, వాటి మీద సెరీన్ 15 స్టెయినింగ్ చేద్దామా అని ఒక స్టూడెంట్ అడిగాడు. నేను వద్దన్నాను. ఆపరేషన్ థియేటర్‌లో ముక్క కోసిన నిమిషం నుంచి అది ఫార్మలిన్‌లో పడేదాకా కణంలో ఫాస్ఫేట్‌ని తీసేసే ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌లు పని చేస్తూనే ఉంటాయి. ఫార్మలిన్‌లో పడ్డాక కూడా అది గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే లోపలికి వెళ్తుంది. పెద్ద ముక్క మధ్యలోకి చేరేసరికి ఫాస్ఫేట్ మిగిలిందో లేదో ఎవరికి తెలుసు? పాత బ్లాకులకు ముక్క ఎప్పుడు కోశారు, ఎప్పుడు ఫార్మలిన్‌లో వేశారు అన్న టైమ్ రాసి ఉండదు. అలాంటి వాటిలో "ఫాస్ఫో నెగటివ్" అని రిపోర్టు రాయడానికి నా చెయ్యి రాదు. మామూలు పీ53 స్టెయినింగ్ అలా కాదు. కణితి అంతా ముదురుగా పట్టినా, బొత్తిగా పట్టకపోయినా జన్యువులో మార్పు ఉందేమోనని అనుమానించవచ్చు. మాకు అది చాలు.

కేయూ_క్రాస్‌రోడ్స్:
కొనాలా వద్దా అన్నది పెద్దవాళ్లు తేల్చండి. కొన్నాక పాడు కాకుండా ఎలాగో నేను చెబుతా, మా ల్యాబ్‌లో బ్లాట్‌లు చేసేది నేనే.

లైసేట్ మంచు మీదే తీయాలి. బఫర్‌లో ఫాస్ఫటేజ్‌లను ఆపే సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ అప్పటికప్పుడు కలపాలి. మెంబ్రేన్ బ్లాక్ చేయడానికి పాలపొడి వద్దు, బీఎస్‌ఏ (ఆవు సీరం అల్బుమిన్) వాడండి. పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీనే. పాలతోనూ మంచి బ్లాట్‌లు వస్తాయనేవాళ్లు ఉన్నారు. కానీ ఇంత ఖరీదైన వయల్‌తో మొదటిసారే ఆ ప్రయోగం ఎందుకు? వయల్ గ్లిసరాల్‌లో వస్తే మైనస్ 20లో గడ్డకట్టదు, అలాగే ఉంచండి. గ్లిసరాల్ లేకపోతే వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లో పంచేయండి. ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి థర్మాకోల్ డబ్బాలో వచ్చేసరికి ఐస్ ప్యాక్‌లు కరిగిపోయి ఉంటాయి, అందుకే పార్సిల్ వచ్చే రోజు ల్యాబ్‌లో ఎవరో ఒకరు ఉండేట్టు చూసుకోండి.

డాక్సోరూబిసిన్ లేకపోతే హుడ్‌లోని యూవీ లైటే పాజిటివ్ కంట్రోల్. డిష్ మూత తీయాలి, ఆ ప్లాస్టిక్ యూవీని ఆపేస్తుంది. మీడియం కూడా తీసేసి పలచగా పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) ఉంచి, కాసేపు లైటు చూపించి, మళ్లీ మీడియం పోసి కొన్ని గంటలు ఆగాలి.

మొత్తం పీ53కి మీ దగ్గర ఏ క్లోన్ (ఏ రకం యాంటీబాడీ) ఉందక్కా?

బయోకెం_హన్మకొండ:
డీఓ-1.

సుబేదారి_సెల్‌బయాలజీ:
అయితే ఇంకో చిక్కు. డీఓ-1 పట్టుకునేది పీ53లో 20 నుంచి 25వ అమైనో ఆమ్లం దాకా ఉన్న భాగాన్ని. డీఎన్‌ఏ దెబ్బ తిన్నప్పుడు సెరీన్ 20 మీద కూడా ఫాస్ఫేట్ చేరుతుంది, అప్పుడు డీఓ-1 పట్టు పోతుంది. ఫాస్ఫో బ్యాండ్‌ని మొత్తం పీ53తో భాగించి నిష్పత్తి చూపిస్తారు కదా, ఆ కింది అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తే నిష్పత్తి లేనిపోని ఎత్తుకు పోతుంది. 46 నుంచి 55 మధ్య పట్టే పీఏబీ1801 లాంటిది ఎవరి దగ్గరైనా కొంచెం అడిగి, ఒక్కసారి పోల్చి చూసుకోండి. ఆ నిష్పత్తి మాత్రం వదలొద్దు. మొత్తం పీ53 పదింతలు పెరిగితే ఫాస్ఫో బ్యాండ్ కూడా దాంతో పాటే పెరుగుతుంది. అందులో సారం చేసిన వింత ఏమీ ఉండకపోవచ్చు.

ములుగు_రోడ్:
ఒక సందేహం. కణం చావును నడిపే ఎంజైమ్ కాస్పేస్-3 ఎంసీఎఫ్-7లో ఉండదు కదా సార్. చనిపోయేటప్పుడు డీఎన్‌ఏ ముక్కలు ముక్కలుగా తెగడం మిగతా కణాల్లోలా ఉండదు. మరి చావు వల్లే బ్యాండ్ వచ్చిందన్న మీ వాదన ఇక్కడ ఎంతవరకు నిలుస్తుంది?

సుబేదారి_సెల్‌బయాలజీ:
మంచి ప్రశ్న. ఎంసీఎఫ్-7లో ఆ వాదన బలం తగ్గుతుంది. కానీ పోదు. కాస్పేస్-3 లేకున్నా కణాలు చస్తూనే ఉన్నాయి, పెరాక్సైడ్ అనుమానం అలాగే ఉంది. అందుకే ఒక్క కణాల రకంతో సరిపెట్టొద్దంటాను. ఏ549 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో పీ53 మామూలుగా ఉంటుంది, కాస్పేస్-3 కూడా ఉంటుంది. అందులో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది గంటలకు లైసేట్‌లు తీయండి. కణాలు ఇంకా బతికున్నప్పుడే సెరీన్ 15 వస్తే కారణం వైపు మాట్లాడొచ్చు.

బయోకెం_హన్మకొండ:
అందరికీ చాలా థ్యాంక్స్. మేడమ్‌తో కూర్చుని మాట్లాడాను. ఫాస్ఫో యాంటీబాడీయే ఆర్డర్ పెడుతున్నాం. పీ21కి యాంటీబాడీ కాకుండా ప్రైమర్లు తెప్పిస్తాం, జన్యువు ఎంత ఆన్ అయిందో కొలిచే క్యూపీసీఆర్ యంత్రం డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది, ఖర్చు చాలా తక్కువ. తక్కువ గంటల లైసేట్‌లు, కేటలేజ్ వెల్ ఈ వారమే మొదలుపెడతాను. "యాక్టివేట్" అని రాయాలా వద్దా అన్న దగ్గర మేడమ్ ఇంకా తన మాట మీదే ఉన్నారు. బ్లాట్‌లు వచ్చాక మళ్లీ మాట్లాడతాను. ఒక్కటి అడగాలి. బ్యాండ్ నిజంగా ఫాస్ఫేట్‌దేనని చూపించడానికి, ఫాస్ఫేట్‌ని తీసేసే ఎంజైమ్ లామ్డా ఫాస్ఫటేజ్ వాడాలనుకుంటున్నాను. నా లైసిస్ బఫర్ అలాగే వాడొచ్చా?

కేయూ_క్రాస్‌రోడ్స్:
వద్దక్కా. నీ బఫర్‌లో ఈడీటీఏ ఉంటే అది మాంగనీస్‌ని లాగేసుకుంటుంది, మాంగనీస్ లేకపోతే లామ్డా పని చేయదు. ఫాస్ఫటేజ్ నిరోధకాలు కూడా ఉండకూడదు. ఆ ఒక్క ట్యూబ్‌కి రెండూ లేని బఫర్ విడిగా చేసుకో. మాంగనీస్ క్లోరైడ్ కలిపి 30 డిగ్రీల దగ్గర అరగంట ఉంచు. పక్కనే ఎంజైమ్ వేయని ట్యూబ్ కూడా అంతే సేపు పెట్టు. ఎంజైమ్ ఉన్న లేన్‌లో ఫాస్ఫో బ్యాండ్ పోవాలి, మొత్తం పీ53 అలాగే ఉండాలి. రెండూ పోతే పీ53 మొత్తం కరిగిపోయినట్టు, అప్పుడు ప్రోటియేజ్ నిరోధకాలు కలిపావో లేదో చూసుకో.