బియ్యం బస్తా భుజాన వేసుకుని నడవడం మంచి వ్యాయామమేనా?

ఉదయపు నడక:
నాకు 46 ఏళ్లు, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఎనిమిది నెలలుగా రోజూ తెల్లవారుజామున బియ్యం బస్తా భుజాన వేసుకుని మా అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు చుట్లు నడుస్తున్నాను. 10 కిలోలతో మొదలుపెట్టాను, ఇప్పుడు 25. నడుం నొప్పి తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. అంతకంటే పెద్ద మేలు మనసుకు. బస్తా భుజాన ఉన్నంతసేపూ ఆఫీసు గుర్తుకు రాదు, ధ్యాసంతా తర్వాతి అడుగు మీదే. రాత్రి పడుకోగానే నిద్ర పడుతోంది. మన పెద్దలకు సహజంగా దొరికిన వ్యాయామాన్ని మనం చేజేతులా వదులుకున్నామని నా అభిప్రాయం. మీరేమంటారు?

మిర్చియార్డు:
మా నాన్న ముప్పై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. అది వ్యాయామమే అయితే ఆయన ఈపాటికి మనందరికంటే గట్టిగా ఉండాలి. 61 ఏళ్లకే మెడ ఎడమవైపు తిరగదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోల మాట. మిర్చి లేని రోజుల్లో 50 కిలోల యూరియా బస్తాలు.

పొలంగట్టు:
యూరియా బస్తా 50 కాదు, 45 కిలోలు. 2018లోనే తగ్గించారు.

మిర్చియార్డు:
నాన్న మోసిన రోజుల్లో 50.

సంగిడిరాయి:
ఎత్తడం వేరు, మోయడం వేరు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒక చేతితో 110, ఇంకో చేతితో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది.

ఎముకబలం:
ఒక్కో చేతితో కాదండీ. రెండు చేతులతోనే, స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240. నేను ఫిజియోథెరపిస్టుని. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. ఆస్ట్రేలియాలో నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడిన స్త్రీల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు బరువులు ఎత్తించారు. వెన్నెముక సాంద్రత పెరిగింది. అయితే పక్కన శిక్షకులున్నారు, మధ్యలో విశ్రాంతి ఉంది. ఉదయపు నడక గారూ, ఒకే భుజం మీద మోస్తున్నారా?

ఉదయపు నడక:
రెండు చుట్లు కుడి భుజం, రెండు చుట్లు ఎడమ. మిర్చియార్డు గారూ, మీ నాన్నగారి విషయం బాధాకరమే. కానీ అతిగా చేస్తే ఏదైనా చెరుపే. దానికోసం అసలు మోయడమే తప్పంటే ఎలా?

మిర్చియార్డు:
అతిగా చేయాలని ఆయనకు సరదా కాదు. కూలి బస్తాకింత. ఆగితే ఆ పూట డబ్బు ఆగుతుంది.

పొలంగట్టు:
పరిమితులు ఉన్నాయి కదా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవారికి 55 కిలోలు మించకూడదని సిఫార్సు చేసింది.

మిర్చియార్డు:
అది ఒక్క బస్తాకు. రోజుకు ఎన్ని బస్తాలో ఎవరు లెక్కపెట్టారు?

ఉదయపు నడక:
మీరు ప్రతి మాటనూ కూలి దగ్గరికే లాగుతున్నారు. నా అనుభవం నేను చెప్పుకోకూడదా?

మిర్చియార్డు:
చెప్పుకోండి. "సహజంగా దొరికిన వ్యాయామం" అని మాత్రం రాయకండి. ఆయనకు అది దొరకలేదు, తప్పలేదు. చొక్కా మెడలో మిరప ధూళి, దాని మీద చెమట, దాని మీద గోనె రాపిడి. ఇంటికొస్తే అమ్మ ముందు చల్లటి మజ్జిగ గుడ్డ మెడకు చుట్టేది, ఆ తర్వాతే అన్నం. మనవణ్ణి భుజానికి ఎత్తుకోమంటే ఈ రోజుకీ గోడకు ఆనుకుని కూర్చుని ఒళ్లోకి తీసుకుంటాడు. మనసు తేలికపడటం నేనెన్నడూ చూడలేదు.

ఎముకబలం:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ఉదయపు నడక:
నెమ్మదిగానే చెబుతాను. నేను ఆడమనిషిని. మా అమ్మ 63 ఏళ్లకు బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగి, రెండేళ్లు మంచం మీదే ఉండి చనిపోయింది. ఆమెకు స్నానం చేయించేటప్పుడు ఎత్తడానికి నాకు బలం చాలేది కాదు, పక్కింటివాళ్లను పిలిచేదాన్ని. వాళ్ల ముందు ఆమె కళ్లు మూసుకునేది. ఆ బలం కోసమే ఈ బస్తా. మొదటి వారం వాచ్‌మన్ చేతిలోంచి లాక్కున్నాడు, "మీరు మోయడమేమిటమ్మా" అని. మా ఆయనా అదే మాట. మీ నాన్నగారిని ఎవరూ దించనివ్వలేదు, నన్ను ఎవరూ ఎత్తనివ్వలేదు. "దొరికిన" అన్న మాట తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను. బస్తాను మాత్రం దించను.

సంగిడిరాయి:
మల్లీశ్వరి లెక్క నేను తప్పు రాశాను, సరిచేసినందుకు ధన్యవాదాలు.

మిర్చియార్డు:
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒక్కటే. బస్తా దించేటప్పుడు ఎవరైనా చెయ్యి వేస్తున్నారా?

ఉదయపు నడక:
లేదు. ఒక్కదాన్నే వంగి నేల మీద పెడతాను.

మిర్చియార్డు:
అలా వద్దంటున్నారు. మోసేటప్పుడు కాదట, వంగి దించేటప్పుడే నడుం పోతుందట. నడుమెత్తు అరుగు గానీ బల్ల గానీ చూసుకుని, దానికి వీపు ఆనించి బస్తాను వెనక్కి జార్చమంటున్నారు.

ఉదయపు నడక:
మా గేటు పక్కన సిమెంటు అరుగు ఉంది. రేపటి నుంచి అక్కడే దించుతాను. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి.