హాటోఫుల్ బాయ్‌ఫ్రెండ్ రెండో భాగం: ప్రేమే లేని ప్రేమ ఆట ఎవరి కోసం? (రెండు భాగాల కథా బయటపడుతుంది, ఆడనివాళ్లు చూసుకోండి)

గువ్వలచెన్న
డిసెంబర్ సేల్‌లో స్టీమ్‌ అనే కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ కొట్టులో ‘హాటోఫుల్ బాయ్‌ఫ్రెండ్: హాలిడే స్టార్’ కొని పెట్టుకున్నా. మొన్న శివరాత్రి జాగారానికి కూర్చుని పూర్తిచేశా. ఒళ్లు మండిపోయింది.

తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తా. మొదటి భాగంలో మనం హియోకో అనే అమ్మాయి. సెయింట్ పీజియోనేషన్స్ అనే పక్షుల బడిలో చదివే ఒకే ఒక్క మనిషి. ఉండేది గుహలో. ప్రేమించాల్సింది పావురాల్ని. గీసిన బొమ్మలు కూడా కాదు, నిజమైన పిట్టల ఫొటోలు. లెక్కల క్లాసుకెళ్తే తెలివి, ఆటలకెళ్తే బలం, సంగీతానికెళ్తే ఆకర్షణ పెరుగుతాయి. వాటిని బట్టి ఎవరు మన దారికొస్తారో తేలుతుంది. వినడానికి పిచ్చిగా ఉన్నా అది అచ్చంగా ఆటే.

రెండో భాగంలో అవేవీ లేవు. క్లాసులు లేవు, పాయింట్లు లేవు, ఎవరి వెంటా పడేది లేదు. ఎవరో క్రిస్మస్ చెట్లు ఎత్తుకుపోతారు, పక్షులన్నీ దొంగని వెతుకుతాయి. ఆ తర్వాత ఏదో నక్షత్రం, దానికో రాజు. నేను చేసిందల్లా బటన్ నొక్కుతూ చదవడం. పెళ్లిచూపులకని పిలిచి సత్యనారాయణస్వామి వ్రతకథ ఐదు అధ్యాయాలూ వినిపించి, ప్రసాదం చేతిలో పెట్టి పంపించినట్టుంది.

కోనసీమ_కొబ్బరి
వ్రతకథలో ప్రసాదమైనా బాగుంటుంది బ్రో 😂

పుడ్డింగ్‌ప్రియ
గువ్వలచెన్న గారూ, మొదటిది మాత్రం ప్రేమ ఆటేనా? పేరే వేళాకోళం. ‘హాటో’ అంటే జపనీస్‌లో పావురం. హార్ట్‌ఫుల్ అన్నమాటని అలా తిప్పారు. 2011 ఏప్రిల్ ఫూల్స్ రోజుకి తమాషాగా హాటో మోవా అనే జపాన్ కళాకారిణి మొదలుపెట్టిన పని అది. ప్రేమ ఆటల్లో ఉండే ప్రతి మూసనీ తెచ్చి ఒక్కో పిట్టకి తగిలించారు. డబ్బున్న పొగరుబోతు సకుయా, చిన్ననాటి నేస్తం రియోటా, లైబ్రరీలో మౌనంగా కూర్చునే నగేకి. ఇక మా ఓకో సాన్‌కి కావాల్సింది అమ్మాయి కాదు, పుడ్డింగ్. ఆ దారిలో వెళ్లి చూడండి, అందులో ప్రేమ ఎంతుందో.

హాలిడే స్టార్‌లో ఆ వేళాకోళం అవతల పెట్టి, ఆ పిట్టలతో కాసేపు కూర్చోనిచ్చారు. నాకు కావాల్సింది అదే.

గువ్వలచెన్న
కాసేపు కూర్చోడానికైతే మక్కా మసీదు ముందు పది రూపాయల గింజలు కొని చల్లుతా మేడమ్. బోలెడు పావురాలొస్తాయి.

బాల్కనీబాధితుడు
అసలు పావురాన్ని ప్రేమించడం ఏంటండీ. మా ఏసీ బయటి పెట్టె మీద గూడు కట్టింది. రెట్టలు కడగలేక చస్తున్నాం. వల కట్టించమని అపార్ట్‌మెంట్ సంఘానికి మూడుసార్లు రాశా, జవాబు లేదు. ఈ ఆట చేసినవాళ్లెవరో గానీ మూడో అంతస్తులో ఉండి ఉండరు.

పదకోశం
మా తమ్ముడు ఇదే ఆట కథ ఇంట్లో తెలుగులో చెప్తూ లెక్కల మాస్టారు నానకిని ‘కౌజు పిట్ట’ అన్నాడు. తప్పు. నానకి పూరేడు పిట్ట. కౌజు వేరే.

లేయర్స్‌షెడ్
తప్పేం కాదండీ. మా వైపు పూరేళ్లని పెంచేవాళ్లందరూ కౌజులనే అంటారు. బోర్డుల మీద కూడా ‘కౌజు పిట్టల పెంపకం’ అనే రాస్తారు.

పదకోశం
బోర్డు మీద రాసినంత మాత్రాన ఒప్పవుతుందా? పాత నిఘంటువుల్లో కౌజు అంటే తిత్తిరి జాతి, పూరేడు కంటే పెద్దది. పెంపకందార్లు రెంటినీ కలిపేశారు. మామూలు కూరల విషయంలో అయితే వదిలేసేవాణ్ణి. కానీ ఈ ఆటలో డాక్టర్ ఇవామినే ఉన్నాడు కదా, అతనిది చుకార్ జాతి, అదీ తిత్తిరి లాంటిదే. అంటే అసలు కౌజు అతనే. ఒకడు పాఠం మధ్యలో నిద్రపోయే మెతక మాస్టారు, ఇంకొకడు నవ్వుతూ గొంతు కోసే డాక్టరు. ఇద్దరినీ కౌజనేస్తే కథ విన్నవాళ్లకి ఏమర్థమవుతుంది?

కోనసీమ_కొబ్బరి
పులుసులో రెండూ ఒకటే సార్

పుడ్డింగ్‌ప్రియ
అసలు విషయానికొద్దాం. ఇది ‘రెండో భాగం’ అనుకుని కొనడం వల్లే సగం మందికి కోపం. మొదటిది 2011లో వచ్చింది. సెలవుల కథ జపాన్‌లో అదే ఏడాది చివర్లో వచ్చేసింది. అభిమానులకి ఇచ్చిన పండగ సంచిక లాంటిది. మనకి మాత్రం మీడియాటానిక్ అనే ఆటల కంపెనీవాళ్లు మొదటిదాన్ని కొత్తగా చేసిన రూపం 2014 సెప్టెంబర్‌లో, హాలిడే స్టార్ 2015 డిసెంబర్‌లో వచ్చాయి. మధ్యలో ఏడాది పైన ఆగేసరికి జనం పెద్ద సినిమాకి సీక్వెల్ అన్నట్టు ఎదురుచూశారు. దీపావళి ప్రత్యేక సంచిక కొని, ఇందులో సీరియల్ తరువాయి భాగం ఏదీ అంటే ఎలా?

గువ్వలచెన్న
ప్రత్యేక సంచిక అయితే అట్ట మీద అలాగే వేసుకోవాలి. విడిగా అమ్మారు, విడిగా డబ్బు తీసుకున్నారు. నేను వరంగల్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు నెల ఖర్చుల్లోంచి మిగిల్చి మొదటిది కొన్నా. మా రూమ్‌లో నలుగురం ఒక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో పిట్టనీ పంచుకున్నాం. నాది రియోటా. ఒకడు తన పిట్ట కోసం లెక్కల క్లాసులు తెగ తిరిగాడు, సొంత లెక్కల పేపర్ మాత్రం తప్పాడు. అందులో మన చెయ్యి ఉంది. ఇందులో మన చెయ్యి ఎక్కడుంది?

పుడ్డింగ్‌ప్రియ
మీ ఫ్రెండ్ పేపర్ తప్పడం ఆట గొప్పతనమా? 🙂

నా సంగతి చెప్తా. నేను ఉద్యోగానికని మొదటిసారి ఇల్లు వదిలి డల్లాస్ వెళ్లిన చలికాలంలో ఇది ఆడాను. క్రిస్మస్‌కి ఊరంతా మూసేశారు. తెలిసినవాళ్లెవరూ లేరు. ఆ నక్షత్రం కథ మొత్తం ఒంటరిగా మిగిలిపోయినవాళ్ల గురించే. లైబ్రరీ దాటి కాలు బయట పెట్టని నగేకి అందులో మిగతావాళ్లతో కలిసి తిరుగుతాడు. నాకది చాలు. ఎవరినో పడేసి పాయింట్లు లెక్కపెట్టుకునే ఓపిక అప్పుడు లేదు.

గువ్వలచెన్న
మీ ఒంటరితనం మీది. దాంతో ఆట మంచిదైపోదు.

పుడ్డింగ్‌ప్రియ
మీ హాస్టల్ జ్ఞాపకాలతో చెడ్డదీ అయిపోదు.

పదకోశం
నగేకిని కొందరు ‘గువ్వ’ అంటున్నారు, అది ఫర్వాలేదు. సకుయాని ఉత్త పావురం అనకండి, లక్కా పావురం అనాలి. తోక విసనకర్రలా విప్పుతుంది.

బాల్కనీబాధితుడు
మా పెట్టె మీదున్నది ఉత్త పావురమే. తోక కాదు, తలుపు తెరిస్తే రెక్కలు విప్పి మొహం మీదికొస్తుంది.

గువ్వలచెన్న
సరే, ప్రేమ లేకపోయినా సర్దుకుందాం. దీనికేమంటారు? మొదటి భాగంలో నాలుగైదు ముగింపులు చూశాక, రియోటాకి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే తెరుచుకునే దారి ఉంటుందిగా, జనం బీబీఎల్ (బ్యాడ్ బాయ్స్ లవ్) అంటారు. బడిలో ఒక పెట్టె దొరుకుతుంది. అందులో హియోకో తల. అప్పటిదాకా మనం ఆడిన మనిషి చచ్చిపోయింది, అక్కణ్ణించి కథ రియోటాది. మనుషుల్ని ఊడ్చేసిన పక్షి జ్వరం, మనుషులకీ పక్షులకీ జరిగిన యుద్ధం, ఇవామినే చేసిన పనులు అన్నీ అక్కడే బయటపడతాయి. తెల్లారి నాలుగింటికి అయిపోయింది మాకు. నలుగురిలో ఒక్కడూ మాట్లాడలేదు. టీ తాగుదామని రోడ్డు మీదికెళ్లి, టీ కొట్టు తెరవకముందే గట్టు మీద కూర్చున్నాం.

అలాంటి కథ చెప్పి, రెండో భాగంలో హియోకో చక్కగా నవ్వుతూ క్రిస్మస్ చెట్టు వెతుకుతుంది. ఇవామినే కూడా ఓ పక్క జోకులేస్తుంటాడు. ఏమీ జరగనట్టు! తేలిగ్గా నవ్వుకోవాలనుకునేవాళ్లు కార్టూన్ పెట్టుకోండి. చావు చూపించినవాడు దాన్ని వెనక్కి తీసుకోవడం పిరికితనం, దాన్ని మెచ్చుకునేవాళ్లకి మొదటి కథ అర్థమే కాలేదు.

లేయర్స్‌షెడ్
పిరికితనమా? అన్నా, మీరు చావు స్క్రీన్ మీద చూశారు.

2025 ఫిబ్రవరిలో మా వైపు బర్డ్ ఫ్లూ వచ్చింది. వేల్పూరు, కానూరు అగ్రహారం పేర్లు పేపర్లో చదివే ఉంటారు. కిలోమీటరు లోపల ఉన్న షెడ్లన్నీ ఖాళీ చేశారు. మా మావయ్య షెడ్డు అందులో ఉంది. తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చారు. గుంటలు తవ్వారు, సున్నం చల్లారు. జబ్బున్నవీ లేనివీ అన్నీ పోయాయి. గుడ్లు కూడా. ఆ రోజుల్లో చికెన్ కొట్టు ముందు నించోడానికే జనం భయపడ్డారు. మావయ్య రెండు నెలలు షెడ్డు వైపు వెళ్లలేదు. రాత్రి కోళ్ల చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదని అత్త దగ్గర అన్నాట్ట.

మొదటి భాగం నేను అంతకుముందే ఆడా. ఆ జ్వరం కథ అప్పుడు నాకేమీ అనిపించలేదు, ‘బలే ట్విస్టు’ అనుకున్నా. ఇప్పుడు ఆ దారి తెరవలేను, చెయ్యి పోదు. కానీ ఆ పిట్టలంటే ఇష్టం పోలేదు. అందుకే మొన్న వేసవిలో హాలిడే స్టార్ ఆడా. అన్నీ బతికున్నాయి. పుడ్డింగ్ గురించి కొట్టుకుంటున్నాయి. నాకు కథ అర్థం కాలేదంటారా మీరు?

కోనసీమ_కొబ్బరి
పులుసు జోకు వెనక్కి తీసుకుంటున్నా అన్నా. సారీ.

పుడ్డింగ్‌ప్రియ
గువ్వలచెన్న గారూ, ఇప్పుడైనా ఒప్పుకోండి. ‘ప్రేమ లేదు, పాయింట్లు లేవు, డబ్బు దండగ’ అంటూ మొదలుపెట్టారు. మీ బాధ అది కాదు. మీరు ఆ అమ్మాయి చావుని నమ్మారు, వీళ్లు మళ్లీ లేపేసరికి మోసపోయినట్టనిపించింది.

గువ్వలచెన్న
లేయర్స్‌షెడ్ తమ్ముడూ, ‘అర్థమే కాలేదు’ అన్నమాట తప్పు. అది వెనక్కి తీసుకుంటున్నా. మీ మావయ్య సంగతి నాకు తెలియదు.

పిరికితనం అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. ప్రియ గారు అన్నది నిజమే అనుకుందాం. ఆ పెట్టె తెరిచిన రాత్రి నాకింకా గుర్తుంది. ఒక పిట్టల తమాషా ఆట నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. దాన్ని చేసినవాళ్లే వచ్చి ‘అదంతా ఒక దారిలో జరిగింది, ఇంకో దారిలో అందరూ క్షేమం’ అంటే, ఆ రాత్రిని ఏం చేసుకోవాలి నేను? రియోటా పడ్డదంతా ఎటు పోయింది? మనుషులకీ ఇలాంటి రెండో భాగం ఉంటే బాగుండేది, లేదు కదా.

లేయర్స్‌షెడ్
లేదు కాబట్టే ఆటలో ఉండనివ్వండి అంటున్నా.

గువ్వలచెన్న
లేదు కాబట్టే ఆటలో కూడా ఉండకూడదని నేనంటున్నా.

పుడ్డింగ్‌ప్రియ
ఒక్కటి చెప్తా, తర్వాత మీ ఇష్టం. వీళ్లు చావుని పూర్తిగా చెరిపెయ్యలేదు. నగేకి ఇందులో కూడా లైబ్రరీలో ఉన్న దయ్యమే. అతను ఎందుకలా అయ్యాడో తెలిసినవాళ్లకి ఆ నక్షత్రం కథ నవ్వుతూ చదవడం కష్టం. నేను డల్లాస్‌లో ఏడ్చింది అక్కడే. మొదటి రెండు అధ్యాయాలు చూసి ‘ఏమీ జరగనట్టు’ అన్నారేమో మీరు. శివరాత్రి అన్నారు, జాగారంలో చివరి అధ్యాయానికి కునుకు పట్టలేదు కదా?

గువ్వలచెన్న
కొంచెం పట్టింది.

కోనసీమ_కొబ్బరి
😂😂😂

గువ్వలచెన్న
కొంచెమే అన్నాను! బటన్ నొక్కుతూనే ఉన్నా. నొక్కడం తప్ప పని లేని ఆటలో కునుకు పడితే తప్పు నాదా, ఆటదా? చివరి అధ్యాయం ఆదివారం మళ్లీ చదువుతా. చదివినా మాట మార్చను, ముందే చెప్తున్నా.

పదకోశం
ఆదివారం చదివేటప్పుడు నానకి దగ్గర ‘పూరేడు’ అనుకుంటూ చదవండి.

లేయర్స్‌షెడ్
కౌజు.

బాల్కనీబాధితుడు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. లేయర్స్‌షెడ్ గారూ, మీకు తెలిసుంటుందని అడుగుతున్నా. ఇవాళ గూడు తీసేద్దామని కుర్చీ వేసుకుని ఎక్కా. రెండు గుడ్లున్నాయి. ఎన్ని రోజుల్లో వెళ్లిపోతాయి?

లేయర్స్‌షెడ్
మాది కోళ్ల షెడ్డండీ, పావురాల్ని ఇంటి దగ్గర మా తాత పెంచేవాడు. గుడ్డు పిల్లవడానికి 18 రోజులు అటూ ఇటూ. పిల్ల ఎగరడానికి ఇంకో నెల వేసుకోండి.

బాల్కనీబాధితుడు
నెలన్నరా? ఎండలు మొదలయ్యాయి. ఏసీ వెయ్యొద్దా మరి?

లేయర్స్‌షెడ్
పెట్టె అదిరితే లేచిపోతుందేమో. ఫ్యానుతో సర్దుకోండి.

బాల్కనీబాధితుడు
మా ఆవిడకి మీరే చెప్పాలి సార్.