మూడోసారి కూడా డబ్బా ఖాళీ చేయకుండా వెళ్ళిపోయారు, తప్పు ఎక్కడుంది?

వాకిలిముంగిట:
ఇవాళ్టితో మూడు వారాలు. రీసైక్లింగ్ బండి మా ఇంటి ముందు ఆగుతుంది, పనివాడు దిగి డబ్బా మూత ఎత్తి చూస్తాడు, మూసేస్తాడు, ఒక చీటీ అంటించి వెళ్ళిపోతాడు. చీటీ మీద "కలుషితం" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ ఉండదు. ఏది కలుషితమో, ఎందుకు కలుషితమో ఎవరు చెప్పాలి?

నిన్న రాత్రి తొమ్మిదికి కూర్చుంటే లేచేసరికి ఒంటిగంట దాటింది. ప్రతి సీసా కడిగి బోర్లించాను. ప్రతి డబ్బా అడుగునూ దీపం కింద తిప్పి తిప్పి త్రికోణంలో ఉన్న అంకె చదివాను. కొన్నిటి మీద అది ఆవగింజంత కూడా లేదు. 1, 2, 5 ఒక వైపు, మిగతావి ఒక వైపు పెట్టాను. సీసాల మీది కాగితాలు గోళ్ళతో గీకి తీశాను, వేళ్ళు ఇంకా మండుతున్నాయి. అట్టపెట్టెలు విప్పి చదును చేశాను. కాగితాలు, కవర్లు, సీసాలు, రేకు డబ్బాలు అన్నీ పద్ధతిగా సర్ది పెట్టాను. పొద్దున మళ్ళీ అదే చీటీ. మా ఆయన "ఇక వదిలెయ్యి, అన్నీ మామూలు చెత్తలో పడేద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

ఏ అంకెలు వేయవచ్చో, ఏవి వేయకూడదో కచ్చితమైన పట్టిక ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పెట్టండి.

మూడుబాణాలు:
వాకిలిముంగిట గారూ, మీరు అంకెల వెంట పడటమే మొదటి పొరపాటు. అది మీ తప్పు కాదు, ఆ గుర్తు అలా తప్పుదారి పట్టిస్తుంది.

ఒకదాన్నొకటి తరుముతున్నట్టుండే మూడు బాణాల గుర్తును 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి అమెరికాలో ఒక పోటీ కోసం గీశాడు. ఆ పోటీ పెట్టింది అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీ. అంటే అది కాగితం కోసం పుట్టిన గుర్తు. ప్లాస్టిక్ మీద 1 నుంచి 7 వరకు అంకెలు వేయడం 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ మొదలుపెట్టింది. ఆ అంకె చెప్పేది ఒక్కటే, ఈ వస్తువు ఏ రకం ప్లాస్టిక్‌తో చేశారు అని. 1 అంటే నీళ్ళ సీసాలకు వాడే పీఈటీ, 2 అంటే గట్టి పాలిథిన్, 3 పీవీసీ, 4 మెత్తని పాలిథిన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 అంటే ఈ ఆరింటిలోనూ చేరనివన్నీ. "దీన్ని తీసుకుంటారు" అని ఆ అంకె ఎక్కడా హామీ ఇవ్వదు. కానీ అంకె చుట్టూ బాణాలు పెట్టడంతో లోకమంతా అలాగే అనుకుంది. 2013లో ప్రమాణాన్ని సవరించి బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టమన్నారు. పాత అచ్చులతో చేసిన వస్తువుల మీద బాణాలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఒకే 1 అంకె ఉన్న సీసా, అదే అంకె ఉన్న పలచని పెట్టె కూడా ఒకటి కావు. చాలా చోట్ల సీసా తీసుకుంటారు, పెట్టె తీసుకోరు. అందుకే పట్టిక అడగవద్దు, ఆకారం అడగండి.

ఒక్కమాట:
డబ్బాలో ఎలా వేశారు? విడిగానా, మూట కట్టా?

వాకిలిముంగిట:
మూడుబాణాలు గారూ, చరిత్ర తెలుసుకోవడం బాగానే ఉంది కానీ నాకు కావలసింది వచ్చే మంగళవారం ఏం చేయాలన్నది. ఆకారం అడగమంటున్నారు, ఎవరిని అడగాలి? మాకు ఇచ్చిన కరపత్రంలో నాలుగు బొమ్మలు తప్ప మాట లేదు. ఆ నాలుగు బొమ్మల్లో ఉన్నవే నేను వేశాను.

పాతకాగితం:
మీరు "కవర్లు" అన్నారు. నా అనుమానం అక్కడే. కిటికీ ఉన్న కవర్లా? చిన్న పారదర్శక కిటికీ ఉన్నా ఫరవాలేదు, కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేసేటప్పుడు జల్లెడలో అది విడిపోతుంది. లోపల గాలిబుడగల ప్లాస్టిక్ అతికించిన కవర్లయితే మాత్రం పనికిరావు.

కాగితం విషయంలో రెండు పరీక్షలు గుర్తుంచుకోండి. మొదటిది, ఉండ చుట్టి వదలండి. ఉండగానే ఉంటే కాగితం. మెల్లగా విచ్చుకుంటే దానిలో ప్లాస్టిక్ పొరో రేకు పొరో ఉంది. మెరిసే చుట్టుడు కాగితాలు చాలావరకు ఇలాగే దొరికిపోతాయి. రెండోది బిల్లు చీటీల కోసం. గోరుతో గట్టిగా గీయండి. నల్లని గీత పడితే అది వేడితో అచ్చయ్యే కాగితం. దాని మీద రసాయనపు పూత ఉంటుంది, మంచి కాగితంతో కలపకూడదు. నూనె పీల్చుకున్న అట్టను ఆ మేరకు చింపి పక్కన పడేయండి, మిగతాది వేయండి. నూనె మరక గుజ్జులో పోదు.

కాగితపు పీచు గుజ్జు చేసిన ప్రతిసారీ పొట్టిదవుతూ ఉంటుంది. ఐదు నుంచి ఏడు సార్లకు మించి నిలవదు. అందుకే ఉన్న పీచును పాడుచేయకుండా పంపడం మీద నాకింత పట్టుదల.

సీసామూత:
సీసాల మూతలు ఏం చేశారు? తీసేసి ఉంటే అదే కారణం కావచ్చు. విడి మూత చిన్నది కాబట్టి యంత్రంలో సందుల గుండా కిందికి జారి గాజు పెంకుల్లో కలుస్తుంది. సీసా నొక్కి గాలి తీసి, మూత బిగించి వేయాలి.

పాతకాగితం:
మూత బిగిస్తే ఎలా? సీసా ఒక రకం ప్లాస్టిక్, మూత ఇంకో రకం. కలిపి పంపడం తప్పు.

సీసామూత:
తప్పు కాదు. ముక్కలు చేశాక నీళ్ళలో వేస్తారు. పీఈటీ నీటికన్నా బరువు, మునుగుతుంది. మూతల ప్లాస్టిక్ నీటికన్నా తేలిక, తేలుతుంది. అంత సులువుగా విడిపోతాయి. అసలు ప్రమాదం పీఈటీలో పీవీసీ కలిస్తే. రెండూ నీటిలో మునిగేవే కాబట్టి అక్కడ విడదీయలేరు. పీఈటీ కరిగే వేడికి పీవీసీ తట్టుకోలేక ఆమ్లం వదులుతుంది, కొద్దిపాటి పీవీసీ చాలు, మొత్తం పసుపుపచ్చబడి పెళుసెక్కుతుంది. మూతలు తీయమన్నది పాత సలహా. ఎక్కడైనా ఇప్పటికీ తీయమని రాసి ఉంటే అక్కడివాళ్ళ మాటే వినండి.

వాకిలిముంగిట:
ఒకరు తీయమంటారు, ఒకరు ఉంచమంటారు. నేను తీసి వేరే పెట్టాను. ఇప్పుడు ఏది నమ్మాలి? నాలుగు గంటలు కూర్చుని చేసిన పని ఒక్క మూత వల్ల పాడైందంటే నమ్మలేను.

ఒక్కమాట:
నేను అడిగినదానికి జవాబు రాలేదు.

వాకిలిముంగిట:
అది అడగవలసిన విషయమా అండీ? కవర్లలోనే వేశాను. ప్రతి రకానికీ ఒక కవరు. నల్ల కవర్లు, మందపాటివి, చిరగనివి. మూతి గట్టిగా ముడి వేశాను, కాగితాల దాని మీద "కాగితం" అని చీటీ కూడా అతికించాను. విడిగా పడేస్తే గాలికి వీధంతా ఎగిరిపోవా?

ఒక్కమాట:
అదే కారణం.

పాతకాగితం:
ఒక్క నిమిషం. మీరు కవరు అన్నది ప్లాస్టిక్ సంచినా? నేను ఉత్తరాలు పెట్టే కవరు అనుకుని అంత రాశాను! ఇలాంటి చోట సంచి అంటే సంచి, కవరు అంటే కవరు అని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

వాకిలిముంగిట:
మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ దాన్ని కవరు అనే అంటాం. మీ ఇంట్లో ఏమంటారో నాకెలా తెలుస్తుంది?

మూడుబాణాలు:
మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. చాలామంది రీసైక్లింగ్‌ను "పునర్వినియోగం" అంటున్నారు. అది సరికాదు. కడిగిన సీసాలో మళ్ళీ నీళ్ళు పట్టుకుంటే పునర్వినియోగం. కరిగించి కొత్త వస్తువు చేస్తే రీసైక్లింగ్. రెండింటికీ ఒకే మాట వాడితే మొదటిదాని విలువ మరుగున పడిపోతుంది. అన్నిటికన్నా ముందు చేయవలసింది ఆ మొదటిదే.

సీసామూత:
"పునశ్చక్రీయం" అని రాస్తే ఎంతమందికి తెలుస్తుంది? రీసైక్లింగ్ అన్న మాటే ఉంచండి.

బెల్టుపక్కన:
నేను వేరుచేసే కేంద్రంలో ఆరేళ్ళు బెల్టు పక్కన నిలబడి పనిచేశాను. ఆవిడ అడిగింది వేరు, మీరు మాట్లాడుకుంటున్నది వేరు.

అమ్మా, మీరు అంత శ్రద్ధగా కట్టిన సంచి మాకు ఎలా కనిపిస్తుందో చెబుతాను. బెల్టు ఆగకుండా కదులుతూ ఉంటుంది. ముడివేసిన నల్ల సంచి వస్తుంది. అందులో కడిగిన సీసాలున్నాయో, పసిపిల్లల మురికి గుడ్డలున్నాయో, వాడిపారేసిన సూదులున్నాయో బయటికి తెలియదు. మేము చేతొడుగులు వేసుకున్నా సూది ఆగదు. విప్పి చూడటానికి రెండు క్షణాల వ్యవధి కూడా ఉండదు. కాబట్టి ముడివేసిన సంచిని అలాగే తీసి చెత్త వైపు తోసేయమని మాకు చెప్పేవారు. మీరు వేరు చేసినవన్నీ దానితోపాటే పోతాయి. మీ వీధిలో పనివాడు మూత ఎత్తగానే కనబడింది నల్ల సంచులే అయి ఉంటాయి. లోపల ఏముందో అతనికీ తెలియదు.

ఇంకో సంగతి. ఏ సంచి అయినా చిరిగి యంత్రంలోకి వెళ్ళిందంటే ఇరుసులకు చుట్టుకుంటుంది. అట్టలను పైకి, సీసాలను కిందికి విడదీయడానికి వరసగా తిరిగే పళ్ళ చక్రాలుంటాయి. పలచని ప్లాస్టిక్ వాటికి దారపు కండె మీద దారంలా చుట్టుకుని చుట్టుకుని మోకాలంత లావవుతుంది. చక్రాల మధ్య సందు మూసుకుపోతుంది, అట్ట ఎటో సీసా ఎటో తెలియదు. అప్పుడు యంత్రం ఆపి, కరెంటు తీసి తాళం వేసి, మనుషులు లోపలికి దిగి కత్తులతో కోస్తారు. నేను దిగాను. వేసవిలో ఆ సందులో మోకాళ్ళ మీద కూర్చుని కోస్తుంటే చేతులు చచ్చుబడేవి.

నలుపు మీద కూడా ఒక మాట. మా దగ్గర ప్లాస్టిక్ రకాన్ని కంటికి కనిపించని కాంతి వేసి, తిరిగి వచ్చిన దాన్ని బట్టి యంత్రం గుర్తుపట్టేది. నలుపు కోసం కలిపే మసి ఆ కాంతిని మింగేస్తుంది. యంత్రానికి నల్ల పెట్టె ఉన్నట్టే తెలియదు. కాబట్టి లోపలి పెట్టెలు కూడా నల్లవైతే అనుమానించండి.

చేయవలసింది ఇంతే. ముడులు విప్పండి. అన్నీ డబ్బాలో వదులుగా పడేయండి. ఒకే డబ్బా ఇచ్చారంటే సీసా, అట్ట, రేకు విడదీయడం మా పని. ఇనుమును అయస్కాంతం పట్టుకుంటుంది, అల్యూమినియాన్ని ఇంకో యంత్రం ఎగరగొడుతుంది. మీరు అంకెలవారీగా పేర్చనక్కరలేదు, సీసా మీది కాగితం గీకనక్కరలేదు, తళతళలాడేలా తోమనక్కరలేదు. లోపలిది ఖాళీ అయి, ఒకసారి నీళ్ళతో కడిగి, ఆరితే చాలు. గాలికి ఎగరకుండా డబ్బా మూత మూయండి. కొన్ని చోట్ల పారదర్శకమైన సంచులు వాళ్ళే ఇచ్చి అందులోనే పెట్టమంటారు, అది వేరే ఏర్పాటు. మీకు డబ్బా ఇచ్చారు కాబట్టి మీ సంగతి అది కాదు.

వాకిలిముంగిట:
నాకు ఏడుపు వస్తోంది. మూడు వారాలు. ఆ ఒక్క ముక్క చీటీ మీద రాసి ఉంటే సరిపోయేది కదా. ఈ రాత్రే ముడులన్నీ విప్పుతాను.

లోహాల కవరు (సంచి) కూడా అలాగే కుమ్మరించవచ్చా? అందులో రేకు డబ్బాలు, తాళాలు, తీగ ముక్కలు, పాత ఫోను బ్యాటరీలు రెండు ఉన్నాయి.

బెల్టుపక్కన:
అమ్మా, బ్యాటరీలు ముందు బయటికి తీయండి. ఇప్పుడే. అందులో ఒకటి ఉబ్బి ఉందా? ఉబ్బితే నొక్కకండి, గుచ్చకండి, మండే వస్తువులకు దూరంగా పెట్టండి. చివర్ల మీద అతుకు పట్టీ అంటించండి, లోహం తగలకూడదు. బండిలో చెత్తను బలంగా అదుముతారు. లిథియం బ్యాటరీ నలిగితే లోపలే అంటుకుంటుంది, చుట్టూ ఉన్నది అంతా ఎండు కాగితం. మా షెడ్డులో ఒకసారి అలాగే పొగ లేచింది. బ్యాటరీలు ప్రత్యేకంగా తీసుకునే చోటుకే ఇవ్వాలి. తీగ ముక్కలు కూడా వద్దు, సంచిలాగే ఇరుసుకు చుట్టుకుంటాయి.

సీసామూత:
నల్ల సంచుల సంగతి తేలింది కానీ, మూతల మీద మీ అనుభవం ఏమిటి, బెల్టుపక్కన గారూ? బిగించి వేయమనేనా?

పాతకాగితం:
అదే నేనూ అడగాలనుకున్నాను. నేను చదివింది వేరు.

వాకిలిముంగిట:
సంచులు లేకుండా అన్నీ విడిగా వేశాను. ఇవాళ తీసుకువెళ్ళారు. బ్యాటరీలు ఇంకా గాజు సీసాలో అలమారు మీద ఉన్నాయి, శనివారం ఇచ్చి వస్తాను. అందరికీ థాంక్స్.

సీసామూత:
మూతలు ఉంచారా, తీశారా?