ఓడలో హత్య: అత్తయ్యగారితో కలిసి చూడవచ్చునా?

ప్రశ్న (భవానీపురం, విజయవాడ): మధ్యధరా సముద్రంలో విహరించే ఓడలో హత్య చుట్టూ సరదాగా సాగే ‘డెత్ అండ్ అదర్ డీటెయిల్స్’ను మా అత్తయ్యగారితో కలిసి చూడవచ్చునా? కథ పూర్తవుతుందా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు): 2024లో వచ్చిన ఈ సిరీస్‌కు 10 భాగాలే, రెండో సీజన్ రద్దయినా సూత్రధారి ఎవరో తేలుతుందండి. పెద్దలకే తగిన మాటలు, సన్నివేశాలు ఉన్నాయి కనుక ముందు మీరొక్కరే చూడండి.

జవాబు (పటమట, విజయవాడ): తన తల్లి హత్య కేసును తేల్చకుండానే వదిలి వెళ్లిన డిటెక్టివ్‌తోనే, ఆ కోపం చల్లారకముందే, కథానాయిక చేతులు కలపవలసి రావడం నాకు హత్యకన్నా ఆసక్తికరంగా తోచింది. నటుడు మాండీ పటింకిన్ ఆ డిటెక్టివ్ పాత్రకు అతికినట్టు సరిపోయారు. నడుమ కొన్ని భాగాలు మాత్రం సాగదీశారు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. అత్తయ్యగారు నిద్రపోయాకే మొదలుపెడతాను.