సమస్య: «నీట ముంచినవాఁడె మా నేత యయ్యె» (తేటగీతి)

నిర్వాహకుడు: ఒంగోలు బాప్టిస్టు (బాప్తిస్మానికి మనిషిని నీట ముంచే క్రైస్తవ శాఖ) సంఘ కాపరి జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910) స్మృతిగా ఈ వారం సమస్య. 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. పాదం నాలుగోదిగానే రావాలి. గణాలు సూర్య, ఇంద్ర, ఇంద్ర, సూర్య, సూర్య. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన అక్షరం, నాలుగో గణం మొదట; ఇక్కడ నీ–నే. ప్రాస అక్కర్లేదు. ‘ముంచు’ అంటే మోసం అనే అర్థాన్ని విరగ్గొట్టడమే మీ పని.

కాలువగట్టు:
కఱవు నాఁడు కాలువపనిఁ గడుపు నింపి
అన్నమునకయి వచ్చిన నాపి యుంచి
మనసు మాఱిన వారినే మడుఁగునందు
నీట ముంచినవాఁడె మా నేత యయ్యె

ఛందోభ్రమరం: గణాలు, యతులు కుదిరాయి. రెండో పాదంలో ‘వచ్చినన్ + ఆపి’ కాబట్టి అ–ఆ స్వరయతి (అచ్చుల పొత్తు) చెల్లుతుంది. విషయమూ గట్టిదే. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా చేసిన మనిషి, కొలతలకు తడుముకోలేదు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. ‘ఆపి యుంచి’ అన్న రెండు మాటల్లో ఇదంతా పట్టింది, భేష్. తప్పొకటే: ‘మడుఁగునందు నీట’ పునరుక్తి. ‘మాట యడిగి’ అంటే సరి. నీళ్ళలోకి దిగే ముందు ఎవరి విశ్వాసం వాళ్ళ నోట చెప్పించుకోవడం బాప్టిస్టుల పద్ధతి, అందుకే పసిపిల్లలకు ఇవ్వరు.

తెల్లకాగితం:
నడుము లోఁతున నిల్పి వెన్నంటి పట్టి
మూఁడు పేళ్ళనుఁ బలికి తా మూఁడుసార్లు
పాఁతిపెట్టి లేపిన యట్లు ప్రాఁత బ్రతుకు
నీట ముంచినవాఁడె మా నేత యయ్యె

ఛందోభ్రమరం: ధార బాగుంది, ఆచారం తప్పింది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేర్లు మూడే గానీ బాప్టిస్టు కాపరి ముంచేది ఒక్కసారే. ఒక చెయ్యి వీపు వెనక, ఒకటి రొమ్ము మీద. వెనక్కి వాల్చి, తల పూర్తిగా మునగగానే లేపుతారు. వెల్లకిలా ఎందుకంటే అది సమాధికి గుర్తు, మీ మూడో పాదం చెప్పిందే. మూడుసార్లు పాతిపెట్టరు కదా! ఇలా మార్చండి: ‘మూఁడు పేళ్ళనుఁ బలికినన్ మునక యొకటె’. మూ–ము యతి నిలుస్తుంది. గుంటూరు లూథరన్లు (మరో క్రైస్తవ శాఖ) నీళ్ళు చిలకరించి ఇచ్చే బాప్తిస్మానికైతే ఈ సమస్య అసలు పనికిరాదు.

ఏటిఒడ్డు:
గుండ్లకమ్మ యొడ్డునఁ జేర గుంపులుగను
రెండువేల యిన్నూట యిర్వదియు రెండు
జనులఁ దానొక్కఁడే ముంచె సందెలోపు
నీట ముంచినవాఁడె మా నేత యయ్యె

ఛందోభ్రమరం: రెండో పాదంలో యతిభంగం. నాలుగో గణం ‘ర్వదియు’, మొదటి అక్షరం ‘రె’. హల్లు కలిసింది, అచ్చు కలవలేదు (ఎ–అ). మూడో పాదంలో జ–స మైత్రి ఉంది.

కాలువగట్టు: యతి కంటే పెద్ద తప్పు ‘తానొక్కఁడే’. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర 2,222 మంది అన్న లెక్క నిజమే. కానీ ఆ రోజు క్లౌ నీళ్ళలో దిగలేదు. ముంచింది తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కో వేళ ఇద్దరేసి, వంతులవారీగా. ఎనిమిది గంటల పని అనుకున్నా ఇద్దరి చేతుల మీదుగా మనిషికి అర నిమిషం లోపే. ఒక్కడే అయితే పావు నిమిషం కూడా దక్కదు. పేరు పలికేసరికే అయిపోతుంది.

ఏటిఒడ్డు: ఒప్పుకున్నాను. అంకెను వదిలి, నేతనే మార్చాను:
గుండ్లకమ్మ యొడ్డునఁ జేరి గుంపులుగను
రెండువేల పైచిలుకును రేవు దిగఁగ
దొరయు గట్టున నుండఁగఁ దోటివాఁడు
నీట ముంచినవాఁడె మా నేత యయ్యె

నిర్వాహకుడు: దొర స్మృతికి సమస్య ఇస్తే దొరను గట్టు మీద నిలబెట్టారు! ఈ వారానికి ఇదే మొదటిది. యెర్రగుంట్ల పేరయ్య లాంటి బోధకులకు చెందాల్సిన పాదం వాళ్ళకే చేరింది.

ఛందోభ్రమరం: ‘వాఁడు’ రెండుసార్లు పడిందండీ. ‘దోటివాఁడు’ తీసి ‘దోడి మనిషి’ అనండి. గణమూ యతీ రెండూ చెడవు.