సమస్యాపూరణం: నల్లకోటు తొడిగి నాడి పట్టె

కొర్లగుంట మాస్టారు (నిర్వాహకులు):
ఈ వారం సమస్య, అంటే మీరు పైన మూడు పాదాలు కట్టి పూరించాల్సిన చివరి పాదం, మా ఇంట్లోనే పుట్టింది. మనవరాలు బైపీసీ. నీట్ రాసి వచ్చిన సాయంత్రమే లాసెట్‌కు దరఖాస్తు పెట్టింది. వాళ్ళ నాన్న రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. నేను మాత్రం ఆటవెలది పాదం కట్టుకున్నాను:

నల్లకోటు తొడిగి నాడి పట్టె

గణమంటే గురులఘువుల గుంపు. ఇక్కడ మూడో గణం నగణం (మూడూ లఘువులు), తక్కినవన్నీ హగణాలే (గురువు, లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, న-నా. కానివ్వండి.

చిత్తూరు ప్లీడరు:
అన్న కోర్టు కెట్టు లరిగెను వాదింప?
చెల్లి వార్డులోన చేసె నేమి?
ఒక్క మాటలోన నొప్పుగాఁ జెప్పుదు:
నల్లకోటు తొడిగి, నాడి పట్టె.

మాస్టారు:
క్రమాలంకారం: రెండు ప్రశ్నలకు వరసగా రెండు జవాబులు. దోషమేమీ లేదు. కానీ ప్లీడరు గారూ, ఈ తాళంచెవితో ఏ సమస్యయినా తెరుచుకుంటుంది. అందుకే నేను దీనికి సగం మార్కులే వేస్తాను.

అలిపిరి నుంచి ఒకరు:
కొండపైన మంచు కురియగా డాక్టరు
వణకి వణకి రాత్రి వార్డు చేరి,
తెల్లకోటు తడిసి తీగపై నుండగా
నల్లకోటు తొడిగి నాడి పట్టె.

మాస్టారు:
నవ్వించారు. ముందుకు పోదాం.

చంద్రగిరి డాక్టరమ్మ:
కేసు వేయుదురని కేసుషీటును నింపి,
కలము పట్టి సంతకములు పెట్టి,
తెల్లకోటులోన దిగులుతో వైద్యుడు
నల్లకోటు తొడిగి నాడి పట్టె.

మాస్టారు:
ఇది పూరణ! కోర్టు కేసు, ఆసుపత్రి కేసుషీటు ఒకే పాదంలో పక్కపక్కన కూర్చున్నాయి. తెల్లకోటు లోపల కనపడని నల్లకోటు. మూడో పాదంలో తె-ది యతి కూడా వెతుక్కున్నట్టు లేదు, దానంతటదే వచ్చినట్టుంది.

డాక్టరమ్మ:
వెతుక్కోలేదు మాస్టారూ, అనుభవించాను. 1995లో సుప్రీంకోర్టు మమ్మల్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అందరికీ ఉచితంగా చూసేచోట తప్ప, ఫీజు తీసుకుంటే మేమూ సేవ అమ్మేవాళ్ళమే. ప్లీడర్ల మీద మాత్రం ఆ చట్టం కింద ఫిర్యాదు కుదరదని 2024 మేలో అదే కోర్టు చెప్పింది. అమ్మాయికి ఈ ముక్క కూడా చెప్పండి.

ప్లీడరు:
అబ్బో, మాకేదో స్వర్గం దొరికినట్టు చెప్తున్నారే! మామీద బార్ కౌన్సిల్ ఉంది తల్లీ. అయినా మొదటి అయిదారేళ్ళు సీనియరు గారి ఫైళ్ళు మోసేవాడి మీద కేసేస్తే వాడి దగ్గర వచ్చేదేముంది? పాపకు ఇంకో ముక్క నేను చెప్తా. తిరుచానూరులో పుట్టి, మా చిత్తూరులో ప్లీడరీ చేసిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు లోక్‌సభ స్పీకరయినారు.

మాస్టారు:
స్పీకరు సంగతి తర్వాత. మొదట పద్యం. ఇదిగో, మా అమ్మణ్ణి రాసింది, జీవితంలో మొదటి ఆటవెలది. ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

కోర్టు మధ్యలోన కూలెను ముద్దాయి
వైద్యవిద్య చదివి లాయరగుచు
జడ్జి సైగ చూచి చప్పున ముందేగి
నల్లకోటు తొడిగి నాడి పట్టె.

గణాలన్నీ కుదిరాయి, ముచ్చటేసింది. రెండో పాదంలో యతి తప్పింది: 'వై'కి నాలుగో గణం మొదట 'లా' చెల్లదు, దానికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. అంతకంటే పెద్ద చిక్కు, కర్త ఎవరు? ఉన్నది ముద్దాయి ఒక్కడే. పడిపోయినవాడే లేచి, కోటు తొడుక్కుని, తన నాడి తానే చూసుకున్నట్టయింది. ఇలా మార్చవచ్చు:
వైద్యమెరిగినట్టి వాది వచ్చి

ప్లీడరు:
మాస్టారూ, క్షమించాలి. వాది అంటే దావా వేసినవాడు, న్యాయవాది కాదు. పైగా ముద్దాయి ఉన్నాడంటే అది క్రిమినల్ కేసు. అక్కడ ఫిర్యాది ఉంటాడు గానీ వాది ఎక్కడినుంచి వస్తాడు?

మాస్టారు:
ఒప్పుకున్నాను. నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాడికి ఈ దెబ్బ తగలాల్సిందే.

డాక్టరమ్మ:
నాదీ ఒక అభ్యంతరం. మనిషి పడిపోతే 10 సెకన్లలోపు నాడి అందిందా లేదా తేల్చుకోవాలి. అందకపోతే, ఊపిరీ లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఈ అమ్మాయి పద్యంలో లాయరమ్మ ముందుకు వెళ్ళి, అప్పుడు కోటు తొడుక్కుని, ఆ తర్వాత నాడి పట్టింది. అప్పటికి ముద్దాయి గతేంకాను?

శ్రీకాళహస్తి, రిటైరైన కోర్టు గుమాస్తా:
మీరు మీరు తేల్చుకోండి సామీ. మధ్యలో నాదొకటి:

బొంకు సాక్షి నడుగ బోనులో ప్లీడరు
చెమట చూచి, చేతి చిన్న వణుకు,
కనుల బెదురు గాంచి కల్లను వెలిదీయ
నల్లకోటు తొడిగి నాడి పట్టె.

మాస్టారు:
'నాడి పట్టడం' అనే నుడికారాన్నే విరుపుగా వాడారు. చెమట, వణుకు, బెదురు అన్నీ రోగలక్షణాలే. బల్ల పక్కన కూర్చుని ఏళ్ళతరబడి చూసినవాళ్ళకే ఈ పద్యం వస్తుంది. ఒక్క మాట: 'చూచి'తో పాటు 'గాంచి' కూడా ఎందుకు? ఒకటి తగ్గించి మరో లక్షణం పెట్టుంటే ఇంకా బిగువుగా ఉండేది. డాక్టరమ్మ పద్యం, ఇదీ నాకు సమానం. ఏది ముందో చెప్పమంటే తప్పించుకుంటాను.

మనవరాలు:
తాతా, రాత్రంతా కూర్చుని మార్చాను. ప్లీడరు గారికీ డాక్టరమ్మకూ ఇద్దరికీ భయపడి రాశాను.

కోర్టు మధ్యలోన కూలెను ముద్దాయి;
వైద్య పట్టమున్న వనిత చూచె;
వృత్తి మారెగాని విద్య మారదు గదా!
నల్లకోటు తొడిగి నాడి పట్టె.

డాక్టరమ్మ:
కోటు ముందే ఒంటిమీద ఉంది. ముద్దాయి బతుకుతాడు.

ప్లీడరు:
బతికితేనే కదా మాకు వాయిదా!

మాస్టారు:
వృ-వి యతి, వై-వ యతి, రెండూ సరే. మూడో పాదం చదివి వాళ్ళ నాన్న కొంచెం కుదుటపడ్డాడు. ముందు డాక్టరయి తర్వాత లాయరు కావచ్చని అర్థం చేసుకున్నట్టున్నాడు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఏడాది, ఆపైన డిగ్రీ ఉన్నవాళ్ళ లా కోర్సు మూడేళ్ళు. లెక్క నేను గట్టిగా చెప్పలేదు. వచ్చే వారం సమస్య అమ్మణ్ణిదే.

మనవరాలు:
తెల్లకోటు తోడ తీర్పు చెప్పె