జులై 4 పిక్నిక్, పిల్లల కార్యక్రమం: పని పంచుకుందాం

సాంస్కృతిక కమిటీ: అందరికీ నమస్కారం. ఈసారి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసే జెఫర్సన్ వేషం, ఆ విగ్గు, ఈక కలం వద్దనుకుంటున్నాం. పోయినసారి ఆ ఒక్క విగ్గు కోసం ముగ్గురు పిల్లలు జుట్లు పట్టుకున్నారు. పాలీన్ మేయర్ మీద పదిహేను నిమిషాల కార్యక్రమం చేద్దాం. స్క్రిప్టు ఎవరు రాస్తారు?

ఫుడ్ కమిటీ: మేయర్‌గారు వస్తున్నారా? ముందే చెప్పాలి కదా, వీఐపీ టేబుల్ వెయ్యాలి.

సాంస్కృతిక కమిటీ: అయ్యో అక్కా, ఊరి మేయర్ కాదు, ఆవిడ ఇంటిపేరే అది. చరిత్రకారిణి, 2013లో పోయారు.

స్క్రిప్టు: నేను రాస్తాను. ఆవిడ సెయింట్ పాల్‌లో ఫైర్‌మన్ కూతురు. జర్నలిస్ట్ అవుదామనుకుని, చదువుకునే రోజుల్లో వేసవి సెలవుల్లో మన బోస్టన్ పక్కనే క్విన్సీలో పేపర్‌కి పనిచేశారు. తర్వాత హార్వర్డ్‌లో చరిత్రకారుడు బెర్నార్డ్ బెయిలిన్ దగ్గర పీహెచ్‌డీ. 1978 నుంచి చివరిదాకా ఎంఐటీలో పాఠాలు. ఇంజనీరింగ్ పిల్లల మధ్య చరిత్ర! మన ఇళ్లలో ఒప్పుకుంటారా?

మనకి కావాల్సింది 1997లో వచ్చిన ‘అమెరికన్ స్క్రిప్చర్’. 1776 ఏప్రిల్ నుంచి జులై దాకా ఊళ్లు, కౌంటీలు, పనివాళ్ల సంఘాలు ‘ఇక ఇంగ్లండుతో తెగతెంపులే’ అని చేసుకున్న తీర్మానాలు తొంభై దాకా వెతికి తీశారావిడ. మసాచుసెట్స్ శాసనసభ మే నెలలో ఊరూరా అభిప్రాయం అడిగింది. ఊళ్లు మీటింగు పెట్టుకుని జవాబు రాశాయి. ఒక్కో పిల్ల ఒక్కో ఊరు. అట్ట మీద ఊరి పేరు, చేతిలో రెండు వాక్యాలు. అంతే.

స్టేజి: జెఫర్సన్ లేకుండా జులై 4 ఏంటి తల్లీ?

స్క్రిప్టు: ఉంటాడు బాబాయ్, చివర్లో వస్తాడు. స్వాతంత్ర్య ప్రకటన చిత్తు రాసింది ఆయనే, కానీ కాలనీల ప్రతినిధుల సభ, అంటే కాంగ్రెస్, కూర్చుని అందులో దాదాపు పావు వంతు కొట్టేసింది. మన సావనీర్ వ్యాసాలకి జరిగేదే. ఆయన మొహం మాడ్చుకుని కూర్చుంటే చాలు, డైలాగు అక్కర్లేదు. ఆ కాగితాన్ని వాషింగ్టన్‌లో గర్భగుడిలో మూలవిరాట్టులా పెట్టడం మేయర్‌గారికి నచ్చేది కాదు. నాకూ అదే నచ్చింది ఆవిడలో.

స్టేజి: సరే. విగ్గు మాత్రం ఒక్కటే తెస్తాను.

రిజిస్ట్రేషన్: పెద్దవాళ్లకేమీ లేదా?

స్క్రిప్టు: ఉంది. అమెరికా రాజ్యాంగాన్ని రాష్ట్రాలు ఆమోదించడం మీద 2010లో ఆవిడ ఇంకో పెద్ద పుస్తకం రాశారు. 1788 ఫిబ్రవరిలో బోస్టన్‌లో ఓటింగు: 187 మంది సరే, 168 మంది వద్దు. పది మంది అటు మొగ్గితే మసాచుసెట్స్ కాదనేసేది. లంచ్ క్యూలో నిలబడినవాళ్లకి ఆకుపచ్చ, ఎర్ర చీటీలు ఇచ్చి ఓటేయిద్దాం. లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు కావాలి.

ఫుడ్ కమిటీ: క్యూలో వద్దు, పులిహోర ట్రేల దగ్గర ఇప్పటికే తోపులాట. మజ్జిగ టేబుల్ దగ్గర పెట్టుకోండి.

పార్కింగ్: ఆ ఊళ్లలో మాల్డెన్ ఉందా? మేముండేది అక్కడే. పదేళ్లుగా ఆరెంజ్ లైన్ రైలు ఎక్కి దిగుతున్నా.

స్క్రిప్టు: ఉందన్నయ్యా, 1776 మే 27న తీర్మానించారు, మంచి ఘాటుగా. మీ చిన్నదానికే ఇస్తాను ఆ అట్ట.

పార్కింగ్: ఇవ్వండి. మైకు మాత్రం కిందికి దించండి, పోయినసారి దానికి అందలేదు.